వ్యాయామ బంతి

వ్యాయామ బంతి గాలి నింపి వాడుకొనే పెద్ద ప్లాస్టిక్ బంతి. నడుము, పొట్ట, వీపు, తుంటి భాగాల కండరాలను బలపరచుకొనడానికి ఇళ్ళలోనూ, వ్యాయామశాలల్లోనూ, ఫిజియోథెరపీ కేంద్రాల్లోనూ దీనిని ఉపయోగిస్తారు. దీని వ్యాసం సాధారణంగా 45 సెంటీమీటర్ల నుండి 85 సెంటీమీటర్ల వరకు ఉంటుంది. మొదట ఆటవస్తువుల తయారీదారు చేతిలో పుట్టి, తరువాత పసిపిల్లల చికిత్సకు సాధనమై, ఆపైన ఆరోగ్యవంతుల వ్యాయామ పరికరంగా మారడం దీని చరిత్రలోని విశేషం.

పేర్లు

ఈ బంతికి స్విస్ బంతి అనే పేరు బాగా ప్రచారంలో ఉంది. అయితే ఇది తయారైనది స్విట్జర్లాండులో కాదు, ఇటలీలో. స్విట్జర్లాండులో దీనితో చేస్తున్న చికిత్సను చూసిన అమెరికా ఫిజియోథెరపిస్టులు దీనిని స్విస్ బంతి అని పిలవడంతో ఆ పేరు స్థిరపడింది. జర్మన్ భాషా ప్రాంతాల్లో పెజ్జీ బంతి అని కూడా అంటారు. మన దుకాణాల్లో ఎక్కువగా జిమ్ బాల్ అనే పేరుతో అమ్ముతారు. ప్రసవ సమయంలో వాడినప్పుడు దీనినే బర్త్ బాల్ అంటారు. ఇసుక వంటి బరువైన పదార్థంతో నింపి, చేతులతో విసిరి పట్టుకొనే మెడిసిన్ బాల్ వేరు, ఇది వేరు.

చరిత్ర

1963లో ఇటలీకి చెందిన ప్లాస్టిక్ వస్తువుల తయారీదారు అక్విలినో కొసాని ఈ బంతిని రూపొందించాడు. పిల్లలు పైన కూర్చొని, పిడి పట్టుకొని గెంతే బంతి కూడా ఆయన సృష్టే. పెద్ద పరిమాణంలో ఉండి, మనిషి బరువును మోయగలిగిన బంతిని అతుకులు లేకుండా తయారు చేయగలగడం ఆయన సాధించిన ముఖ్యమైన ప్రగతి.

ఈ బంతిని చికిత్సకు ఉపయోగించిన తొలితరం వారిలో మేరీ క్వింటన్ ముఖ్యురాలు. ఆమె స్విట్జర్లాండులో పనిచేసిన బ్రిటిష్ ఫిజియోథెరపిస్టు. మెదడుకు కలిగిన హాని వలన కదలికలు సరిగా రాని శిశువులను బంతిపై పడుకోబెట్టి మెల్లగా అటూ ఇటూ కదిలించేవారు. బంతి ఒరిగినప్పుడల్లా శిశువు తల ఎత్తడానికి, చేయి చాచడానికి, నడుము నిలుపుకొనడానికి ప్రయత్నిస్తుంది. మాటలతో చెప్పి చేయించలేని వ్యాయామాన్ని ఈ విధంగా బంతి చేయించేది. తరువాత బాసెల్ నగరంలో ఫిజియోథెరపీ పాఠశాలకు నాయకత్వం వహించిన సుజానె క్లైన్-ఫోగెల్‌బాఖ్ ఈ పద్ధతిని పెద్దల ఎముకల, కండరాల సమస్యలకు విస్తరింపజేసింది.

అమెరికాలో దీని వ్యాప్తికి కృషి చేసిన వారిలో జోఆన్ పోస్నర్-మేయర్ ఒకరు. 1990ల నాటికి బంతి ఆసుపత్రుల నుండి క్రీడాకారుల శిక్షణలోకి, అక్కడి నుండి ఇళ్ళలోకి ప్రవేశించింది.

నిర్మాణం, కొలతలు

బంతిని సాధారణంగా పి.వి.సి. అనే మెత్తని ప్లాస్టిక్‌తో తయారు చేస్తారు. ఒకే ఒక్క రంధ్రం ఉండి, దానికి బిరడా అమర్చి ఉంటుంది. చేతి పంపుతోగాని, కాలి పంపుతోగాని గాలి నింపుతారు.

బంతి పరిమాణం వాడే వ్యక్తి ఎత్తును బట్టి ఉండాలి. తయారీదారును బట్టి స్వల్ప తేడాలున్నా, స్థూలంగా ఈ క్రింది లెక్క వాడుకలో ఉంది.

* ఎత్తు 150 సెం.మీ. లోపు - 45 సెం.మీ. బంతి
* ఎత్తు 150 నుండి 170 సెం.మీ. - 55 సెం.మీ. బంతి
* ఎత్తు 170 నుండి 185 సెం.మీ. - 65 సెం.మీ. బంతి
* ఎత్తు 185 సెం.మీ. పైన - 75 సెం.మీ. బంతి

సరైన బంతిని గుర్తించడానికి సులభమైన పరీక్ష ఉంది. బంతిపై నిటారుగా కూర్చొని, పాదాలు రెండూ నేలపై పూర్తిగా ఆనించినప్పుడు మోకాళ్ళ వద్ద దాదాపు లంబకోణం ఏర్పడాలి. తుంటి మోకాళ్ళ కంటే కొద్దిగా ఎత్తులో ఉన్నా మంచిదే. మోకాళ్ళు తుంటి కంటే పైకి లేచినట్లయితే బంతి చిన్నదని, లేదా గాలి తక్కువైందని అర్థం.

పనిచేసే విధానం

మన మొండెం మధ్యభాగాన్ని నిలబెట్టే కండరాలను వ్యాయామశాలల్లో కోర్ కండరాలు అంటున్నారు. పొట్ట ముందుభాగంలో నిలువుగా ఉండేవి, పక్కల ఏటవాలుగా ఉండేవి, లోపలి పొరలో నడుముపట్టీలాగా అడ్డంగా చుట్టుకొని ఉండేవి, వెన్నెముకకు ఇరువైపులా ఉండేవి, పైన ఊపిరితిత్తుల క్రింద ఉండే విభాజక పటలం, క్రింద కటి భాగపు కండరాలు ఇందులోకి వస్తాయి. ఒక గది గోడలు, కప్పు, నేల కలిసి నిలిచినట్లు ఇవన్నీ కలిసి వెన్నెముకను కాపాడతాయి. బిందె ఎత్తినా, మెట్లు ఎక్కినా, దగ్గినా ముందుగా బిగుసుకొనేవి ఈ కండరాలే.

నేలపై పడుకొన్నప్పుడు శరీరానికి విశాలమైన ఆధారం ఉంటుంది. బంతి నేలను తాకే భాగం చిన్నది, పైగా అది దొర్లుతుంది. గరిమనాభి ఆధారం మీది నుండి కొద్దిగా జరిగినా బంతి కదులుతుంది. ఆ కదలికను సరిదిద్దడానికి కండరాలు ఎడతెగకుండా కొద్దికొద్దిగా బిగుసుకొంటూ, వదులవుతూ ఉండాలి. బంతి వలన కలిగే ప్రయోజనానికి, ప్రమాదానికి కూడా మూలం ఈ అస్థిరతే.

ముఖ్యమైన వ్యాయామాలు

* కూర్చొని నిలదొక్కుకొనుట: బంతిపై నిటారుగా కూర్చొని ఒక పాదాన్ని కొద్దిగా పైకెత్తి, కొన్ని క్షణాలు ఆగి దించాలి. తరువాత రెండవ పాదం. కొత్తగా ప్రారంభించేవారికి అనువైనది.
* సేతువు: వెల్లకిలా పడుకొని మడమలు బంతిపై ఉంచి, నడుమును నేల నుండి పైకెత్తాలి. పిరుదులకు, తొడల వెనుక కండరాలకు బలం.
* సగం లేచుట: నడుము, వీపు బంతిపై ఆనించి, పాదాలు నేలపై ఉంచి, తలను, భుజాలను కొద్దిగా పైకి లేపాలి. మెడను చేతులతో లాగరాదు.
* మోచేతుల దండెం: మోచేతులు బంతిపై, కాలివేళ్ళు నేలపై ఉంచి శరీరాన్ని వాసంలాగా తిన్నగా నిలపాలి. బాగా అలవాటైనవారు మోచేతులతో, గరిటె తిప్పినట్లు బంతిని చిన్న సున్నాలుగా తిప్పుతారు. ఇది కష్టమైనది.
* గోడ ఆనిక: బంతిని వీపుకు, గోడకు మధ్య ఉంచి మెల్లగా సగం వరకు కూర్చొని లేవాలి.

శ్వాసను బిగబట్టకుండా చేయడం అన్నింటికీ వర్తించే నియమం.

పరిశోధనలు

కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన వెన్నెముక పరిశోధకుడు స్టువర్ట్ మెక్‌గిల్, ఆయన సహచరులు 2000లో ప్రచురించిన అధ్యయనంలో, ఎనిమిది మంది యువకులు గట్టి తలంపైనా, బంతిపైనా సగం లేచే వ్యాయామం చేస్తున్నప్పుడు కండరాల విద్యుత్ చర్యను కొలిచారు. పొట్ట ముందుభాగపు కండరం గట్టి తలంపై తన గరిష్ఠ శక్తిలో 21 శాతం పనిచేయగా, బంతిపై 35 శాతం పనిచేసింది. పక్క కండరాలలో ఇది 5 శాతం నుండి 10 శాతానికి పెరిగింది. అయితే కండరాల శ్రమ పెరిగినప్పుడు వెన్నెముకపై పడే భారం కూడా పెరుగుతుందనే సంగతిని గుర్తుంచుకోవాలి. ఆరోగ్యవంతునికి మేలైన వ్యాయామం నడుమునొప్పి ఉన్నవారికి మొదటిరోజే మేలు కాకపోవచ్చు.

2001లో అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎక్సర్‌సైజ్ సంస్థ కోసం శాన్ డియేగో స్టేట్ విశ్వవిద్యాలయంలో 13 రకాల పొట్ట వ్యాయామాలను పోల్చి చూశారు. పొట్ట ముందుభాగపు కండరం విషయంలో బంతిపై చేసే వ్యాయామానికి మూడవ స్థానం లభించింది. మొదటి స్థానం వెల్లకిలా పడుకొని సైకిలు తొక్కినట్లు కాళ్ళు ఆడించే వ్యాయామానిది. దానికి ఏ పరికరమూ అవసరం లేదు.

బంతిపై పడుకొని బరువులెత్తడం గురించిన ఫలితాలు వేరుగా ఉన్నాయి. ఆండర్సన్, బెమ్ 2004లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం అస్థిరమైన తలంపై ఛాతీ కండరాలతో నెట్టగలిగిన బలం దాదాపు 60 శాతం తగ్గిపోయింది. కండరాల శ్రమ నిలదొక్కుకొనడానికే చాలావరకు ఖర్చు కావడం దీనికి కారణం. కనుక పెద్ద బరువులెత్తి బలం పెంచుకోదలచినవారికి గట్టి బల్లయే తగినది.

కుర్చీకి బదులుగా

కార్యాలయాల్లో కుర్చీకి బదులుగా బంతిపై కూర్చుంటే వెన్ను నిటారుగా ఉంటుందనే ప్రచారం ఉంది. వాటర్లూ విశ్వవిద్యాలయంలోనే 2006లో వెలువడిన అధ్యయనాలు దీనిని సమర్థించలేదు. బంతికి, కుర్చీకి మధ్య కండరాల పనిలో పెద్ద తేడా కనిపించలేదు. అసౌకర్యం మాత్రం బంతిపైనే ఎక్కువైంది. వీపుకు, చేతులకు ఆనిక లేకపోవడం కూడా బంతికున్న లోపం. మధ్య మధ్య లేచి నాలుగడుగులు నడవడం ఇంతకంటే సులభమైన ఉపాయం.

ప్రసవ సమయంలో

గర్భిణులు నొప్పుల సమయంలో బంతిపై కూర్చొని నడుమును మెల్లగా ఊపడం, బంతిపైకి వాలి విశ్రమించడం వలన నొప్పి భారం కొంత తగ్గినట్లు కొన్ని అధ్యయనాలు తెలిపాయి. దీనిని వైద్యులు లేదా నర్సుల పర్యవేక్షణలో, పక్కన ఒకరు పట్టుకొని ఉండగానే చేయాలి.

అపోహలు

పొట్ట వ్యాయామం చేస్తే పొట్ట దగ్గరి కొవ్వు కరుగుతుందనేది బాగా పాతుకొనిపోయిన అపోహ. అమెరికాలో 24 మందిపై ఆరు వారాలు జరిపి 2011లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, కేవలం పొట్ట వ్యాయామాలు చేసినవారిలో కండరాల ఓర్పు పెరిగింది గాని పొట్ట కొవ్వు తగ్గలేదు. కొవ్వు తగ్గడం మొత్తం ఆహారం మీద, మొత్తం శ్రమ మీద ఆధారపడి ఉంటుంది. భారతీయులలో నడుము చుట్టుకొలత పురుషులకు 90 సెం.మీ., స్త్రీలకు 80 సెం.మీ. దాటితే మధుమేహం, గుండెజబ్బుల ముప్పు పెరుగుతుందని వైద్యులు పరిగణిస్తారు. అటువంటివారు బంతి ఒక్కదానిని నమ్ముకొని నడకను, ఆహార నియమాన్ని వదలిపెట్టరాదు.

ఈ అపోహపై పెద్ద వ్యాపారమే నడిచింది. నడుముకు చుట్టుకొంటే చాలు, శ్రమ లేకుండానే పొట్ట తగ్గుతుందని ప్రకటించిన విద్యుత్ పట్టీల అమ్మకందారులపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2002లో చర్య తీసుకొంది. మూడు నిమిషాల వ్యాయామం నూరు సార్లు లేచి కూర్చొనడంతో సమానమని చెప్పుకొన్న ఆబ్ సర్కిల్ ప్రో అనే పరికరం విషయంలో 2012లో కుదిరిన ఒప్పందం ప్రకారం కొనుగోలుదారులకు 1.5 కోట్ల నుండి 2.5 కోట్ల డాలర్ల వరకు తిరిగి చెల్లించవలసి వచ్చింది.

ప్రమాదాలు

బంతి పగలడం, బంతిపై నుండి జారిపడడం ముఖ్యమైన ప్రమాదాలు. 2009 ఏప్రిల్‌లో అమెరికాలో దాదాపు 30 లక్షల బంతులను మార్కెట్టు నుండి వెనక్కు పిలిచారు. అధికంగా గాలి నింపినప్పుడు అవి హఠాత్తుగా పగులుతున్నాయని 47 ఫిర్యాదులు రావడం ఇందుకు కారణం. అదే ఏడాది అక్టోబరులో శాక్రమెంటో కింగ్స్ జట్టు బాస్కెట్‌బాల్ ఆటగాడు ఫ్రాన్సిస్కో గార్సియా బంతిపై పడుకొని బరువులెత్తుతుండగా బంతి పగిలి, ముంజేతి ఎముక విరిగింది.

కొన్ని బంతులపై పగలనిది అనే అర్థం వచ్చే ముద్ర ఉంటుంది. అటువంటి బంతికి గాటు పడితే బుడగలాగా పేలకుండా, గాలి మెల్లగా పోయి క్రిందికి దిగాలని దాని ఉద్దేశం. అంతేగాని అది ఎన్నటికీ పాడుకాదని అర్థం కాదు.

జాగ్రత్తలు

* పెట్టెపై రాసిన వ్యాసానికి మించి గాలి నింపరాదు. గోడపై ఆ ఎత్తున గీత గీసి, బంతిని పక్కన పెట్టి చూస్తే సరిపోతుంది.
* కొత్త బంతిని మొదటిరోజు పూర్తిగా నింపకుండా, ఒకరోజు ఆగి మిగిలిన గాలి నింపాలి.
* నేలపై రాళ్ళు, పిన్నులు లేకుండా ఊడ్చుకోవాలి. నున్నని బండల నేలపై తడి ఉండరాదు. చాప లేదా రబ్బరు పట్టా పరచుకోవడం మంచిది.
* ఎండలోను, పొయ్యి దగ్గర ఉంచరాదు. వేడికి లోపలి గాలి వ్యాకోచిస్తుంది, ప్లాస్టిక్ బలహీనపడుతుంది.
* గాటు పడిన బంతికి అతుకు వేసి వాడరాదు. పారవేయాలి.
* బంతిపై నిలబడరాదు. పిల్లలను బంతి వద్ద ఒంటరిగా వదలరాదు.
* వృద్ధులు గోడ పక్కనగాని, మనిషి తోడుతోగాని మొదలుపెట్టాలి.

ఎముకలు గుల్లబారినవారు, హెర్నియా ఉన్నవారు, ఇటీవల పొట్టకు శస్త్రచికిత్స లేదా సిజేరియన్ జరిగినవారు, తల తిరుగుడు ఉన్నవారు వైద్యుని సలహా లేకుండా దీనిని వాడరాదు. నడుమునొప్పితో పాటు కాలు తిమ్మిరెక్కడం, పాదం బలహీనపడడం ఉంటే వ్యాయామం ఆపి వైద్యుని సంప్రదించాలి. మలమూత్రాలపై అదుపు తప్పడం, కూర్చొనే భాగంలో స్పర్శ తగ్గడం అత్యవసర లక్షణాలు; అటువంటప్పుడు ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇవి కూడా చూడండి

* వ్యాయామం
* ఫిజియోథెరపీ
* వెన్నెముక
* నడుమునొప్పి
* ఊబకాయం