ప్రెస్టన్ అజేయులు

ఇంగ్లండు దేశపు వాయవ్యభాగమున, రిబిల్ నది యొడ్డున నున్న ప్రెస్టన్ పట్టణము పందొమ్మిదవ శతాబ్దమున నూలుమిల్లుల పొగగొట్టములతో నిండిన ఊరు. నీటిబలముతో నూలు వడకు యంత్రమును నెలకొల్పి వస్త్రపరిశ్రమ రూపమునే మార్చిన రిచర్డ్ ఆర్క్‌రైట్ 1732లో జన్మించినది ఇచ్చటనే. తగ్గించిన కూలిని మరల పెంచుమని కోరిన కార్మికులను 1853లో యజమానులు మిల్లులకు తాళములు వేసి నెలల తరబడి వీధులపాలు చేసినదియు ఇచ్చటనే. ఆ కార్మికుల పట్టుదలను స్వయముగా చూడగోరి చార్లెస్ డికెన్సు 1854 ఆరంభమున ఈ ఊరికి వచ్చెను. అమెరికాలో అంతర్యుద్ధము రేగి ప్రత్తి ఓడలు నిలిచిపోయినపుడు లాంకషైరు మండలమంతటితో పాటు ప్రెస్టన్ కూడ పస్తులుండెను. ఆ లాంకషైరు మిల్లుబట్ట సముద్రములు దాటివచ్చి తెలుగుసీమలో సాలెవారి మగ్గములను మూలబెట్టిన సంగతి మనము మరువజాలము, మరువనక్కరయు లేదు. అయితే ఆ బట్ట నేసిన చేతులును కూలిచేతులే యనియు, వానికి ఆదివారమును మినహాయించిన వారమున కొక్క పూట మాత్రమే తెరపి దొరకెడిదనియు తెలిసికొన్నచో గాని ఇక చెప్పబోవు కథ బోధపడదు.

ఆ ఒక్క పూట శనివారపు మధ్యాహ్నము. 1850 నాటి కర్మాగారముల చట్టము శనివారము 2 గంటలకు నూలుమిల్లుల పని కట్టివేయవలెనని విధించినది. 1874 నాటి చట్టము ఆ గడువును మరికొంత ముందునకు జరిపినది. యంత్రము ఆగిన పిమ్మట, దూదిపొట్టు దులుపుకొని, వారపుకూలి చేతబట్టుకొని బయటికి వచ్చిన వేలకొలది జనమునకు చీకటి పడులోపల వెచ్చింప రెండు మూడు గంటల కాలము చిక్కెను. అంతకుముందు ఫుట్‌బాలు ఆట ధనికుల బిడ్డలు చదువు బడులలో ఆడుకొనునట్టిది. దాని నియమములను వ్రాసినవారును, దాని పెత్తనము వహించినవారును లండను పెద్దమనుషులే. శనివారపు తెరపి వచ్చిన తరువాత ఆ ఆట ఉత్తరాది మిల్లుపట్టణముల సొత్తయ్యెను. లాంకషైరులో ఫుట్‌బాలు వ్యాపించుటకు కారణము కార్మికులు పోరాడి శాసనముచే తెచ్చుకొన్న ఆ అరపూట సెలవేయని నా నిశ్చితాభిప్రాయము. తక్కిన కారణములన్నియు దాని తరువాతివే.

ప్రెస్టన్ నార్త్ ఎండ్ 1863లో క్రికెట్ సంఘముగా పుట్టినది. 1875లో డీప్‌డేల్ అను చోట ఒక పొలమును కౌలునకు తీసికొని, చలికాలపు వినోదమునకై మొదట రగ్బీని ప్రయత్నించి, 1880 ప్రాంతమున ఫుట్‌బాలులో స్థిరపడెను. ఆరంభము ఆశాజనకముగ లేదు. 1881లో పొరుగూరి బ్లాక్‌బర్న్ రోవర్స్ చేతిలో 16 గోల్సు తిని ఒక్క గోలైనను చేయలేకపోయెను. ఆ పరాభవమునుండి క్లబ్బును లేవనెత్తినవాడు విలియం సూడెల్. అతడు గూడేరు వారి నూలుమిల్లులో మేనేజరు; వాలంటీరు పటాలములో పనిచేసినందున జనులు అతనిని మేజరు సూడెల్ అని పిలిచెడివారు. ఆటలో గొప్పవాడు కాడు గాని ఆట ఎట్లు ఆడవలెనో, అందులకు ఎవరు కావలెనో, వారిని ఎచ్చటినుండి తేవలెనో మిల్లు నడపినంత శ్రద్ధతో ఆలోచించినవాడు ఆనాడు అతనివంటివాడు మరియొకడు లేడు.

ఇంగ్లీషువారు అప్పటికి బంతిని కాలిక్రింద నుంచుకొని ఒక్కొక్కడే ముందుకు దూసికొనిపోవుటయే నేర్పని తలచుచుండగా, స్కాట్లండు ఆటగాండ్రు బంతిని ఒకరినుండి యొకరికి అందించుకొనుచు ఎదుటిపక్షమును తికమకపెట్టు విద్యను పెంచుకొనిరి. సూడెల్ ఆ విద్యను కొనితెచ్చెను. ఎడిన్‌బరోలో ఇండ్ల పైకప్పులకు పలకరాళ్లు పరచుచు బ్రతికిన నిక్ రాస్ 1883లో ప్రెస్టను చేరెను; వెనువెంట అతని తమ్ముడు జిమ్మీ రాస్, జార్జి డ్రమ్మండ్, డేవిడ్ రస్సెల్, జాన్ గ్రాహమ్, జాక్ గోర్డన్, శామ్ థామ్సన్ మొదలైనవారు వచ్చిరి. వీరికి మిల్లులలోనో, ఊరి అంగళ్లలోనో పని చూపబడెడిది. ఆ పనికంటె వచ్చెడి సొమ్ము ఎక్కువగా నుండెడిది. ఆటకు కూలి యిచ్చుట ఆట పెత్తనము వహించిన ఫుట్‌బాల్ అసోసియేషను నిబంధనలకు విరుద్ధము. అయినను ఉత్తరాది క్లబ్బులు పెక్కు ఏదో యొక మిషమీద ఇచ్చుచునే యుండెను.

1884 జనవరిలో ఆ అసోసియేషను నడపు కప్పు పోటీలో లండను క్లబ్బైన అప్టన్ పార్క్‌తో ప్రెస్టన్ 1-1గా ఆడిన పిమ్మట, ప్రెస్టన్‌వారు కూలి ఆటగాండ్రను దింపిరని ఫిర్యాదు వెళ్లెను. విచారణలో సూడెల్ బొంకలేదు. కూలి యిచ్చుచున్నామనియు, తామేకాక అందరును ఇచ్చుచున్నారనియు బహిరంగముగ ఒప్పుకొనెను. ప్రెస్టన్‌ను ఆ యేటి కప్పునుండి వెలివేసిరి. ఆ సంవత్సరము అక్టోబరులో లాంకషైరు క్లబ్బులు కొన్ని వేరుకుంపటి పెట్టుకొని బ్రిటిష్ ఫుట్‌బాల్ అసోసియేషను స్థాపించెదమని హెచ్చరించుటతో లండను పెద్దలు మెత్తబడి, 1885 జూలై 20న ఆటకు కూలి పుచ్చుకొనుట న్యాయసమ్మతమని తీర్మానించిరి. ఆస్తిపాస్తులుగలవాడు ఉచితముగ ఆడవచ్చును. ఆటకై శనివారము ఉదయపు పని మానిన ఆ పూట కూలి పోగొట్టుకొనువాడు ఉచితముగ ఎట్లాడగలడు? డబ్బు ఆటను చెరచునని వాపోయినవారు ఈ చిన్న ప్రశ్నకు ఏనాడును సమాధానము చెప్పలేదు. సూడెల్ ఆనాడు పలికిన సత్యము తరువాత వచ్చిన సమస్త విజయములకంటె గొప్పదని నేను తలంతును.

పిమ్మట ప్రెస్టన్ బలము అపారముగ పెరిగినది. 1887 అక్టోబరులో కప్పు పోటీలో హైడ్ అను క్లబ్బుపై 26 గోల్సు చేసి, ఎదుటివారికి ఒక్కటియు ఇయ్యకుండుట నేటికిని ఆ పోటీలో చెదరని రికార్డు. అయితే 1888 మార్చిలో ఫైనలులో వెస్ట్ బ్రామ్‌విచ్ ఆల్బియన్ చేతిలో 2-1తో ఓడిరి. ఆటకు ముందే కప్పుతో ఫోటో తీయించుకొనగోరగా, ముందు గెలిచి రండని రిఫరీ మేజర్ మారిండిన్ మందలించెనని యొక కథ కలదు. కథలో నిజమెంతయైనను, ఆ ఓటమి ప్రెస్టన్‌వారి గుండెలో ములుకై నాటుకొన్నమాట నిజము.

అదే మాసమున బర్మింగ్‌హాములో బట్టల దుకాణము నడుపుకొనుచు ఆస్టన్ విల్లా క్లబ్బు వ్యవహారములు చూచుచున్న స్కాట్లండువాడు విలియం మెక్‌గ్రెగర్ కొన్ని క్లబ్బులకు లేఖ వ్రాసెను. కూలి యియ్యవలెనన్నచో ప్రతి శనివారమును ప్రేక్షకులు రావలెను. ప్రేక్షకులు రావలెనన్నచో నిర్ణీతమైన ఆటలు జరుగవలెను. అంతవరకు ఒప్పుకొన్న ఆటలను చివరిక్షణమున రద్దు చేయుట, కప్పు పోటీలో ఓడి ఖాళీగా కూర్చుండుట సామాన్యముగ నుండెను. మెక్‌గ్రెగర్ తలపునుండి పుట్టినదే ఫుట్‌బాల్ లీగు. 1888 ఏప్రిల్ 17న మాంచెస్టరు రాయల్ హోటలులో అది రూపు దాల్చెను. లాంకషైరు నుండి 6, మధ్యమండలములనుండి 6, మొత్తము 12 క్లబ్బులు చేరెను. లండను క్లబ్బు ఒక్కటియు అందులో లేదు. లీగను పేరును సూచించినవాడును సూడెలే.

1888 సెప్టెంబరు 8న లీగు ఆరంభమైన నాడు డీప్‌డేల్‌లో ప్రెస్టన్ బర్న్‌లీని 5-2తో ఓడించెను. ఆనాటి ఆటను నేటి కన్నులతో ఊహించుట కష్టము. గోలుస్తంభములకు వలలు లేవు. బంతి లోపలినుండి పోయెనా, ప్రక్కనుండి పోయెనా యని వాదులాడుకొనెడివారు. పెనాల్టీ కిక్కు ఇంకను పుట్టలేదు. ఇరుపక్షములకు చెరియొక అంపైరు మైదానమున నుండగా, వారిరువురకు పొత్తు కుదరనపుడు మాత్రమే గీత వెలుపలనున్న రిఫరీ తీర్పు చెప్పెడివాడు. గోల్‌కీపరు తన సగము మైదానములో ఎచ్చటనైనను బంతిని చేతబట్టవచ్చును. గెలుపునకు రెండు పాయింట్లు, సమానమైన ఆటకు ఒకటి యను లెక్కయైనను సీజను ఆరంభమై రెండు నెలలు దాటిన పిమ్మట నవంబరులో గాని తేలలేదు. అక్టోబరులో డీప్‌డేల్‌కు వచ్చిన స్టోక్ జట్టులో తొమ్మండుగురే యుండగా, ప్రెస్టన్‌వారు తమ రిజర్వు ఆటగాండ్రను ఇద్దరిని ఎరువిచ్చి, ఆ తరువాత 7-0తో వారిని ఓడించి పంపిరి.

ప్రెస్టన్ జట్టు ఇద్దరిని వెనుక, ముగ్గురిని నడుమ, ఐదుగురిని ముందు నిలిపి ఆడెను. నడుమనున్న రస్సెల్ దాడిని నిలుపుటయేకాక బంతిని ముందువారికి అందించుచు జట్టు నంతటిని కదలించెడివాడు. కుడిప్రక్క గోర్డన్, జిమ్మీ రాస్ జంట. మధ్య జాన్ గుడాల్. స్కాట్లండు దంపతులకు లండనులో పుట్టి, కిల్మార్నాకులో పెరిగిన గుడాల్ ఆ సీజనులో లీగు అంతటిలో అందరికంటె ఎక్కువ గోల్సు చేసినవాడు. బలమున్నచోట బలము వాడక నేర్పు వాడుట అతని స్వభావమని అతని ఆట చూచినవారు చెప్పిరి. ఈ మహాజట్టులో లేనివాడు ఒక్కడే: నిక్ రాస్. అన్నదమ్ములు కలసి అయిదేండ్లు కట్టిన గోడకు కలశము నిలుపు ఏడాదిలో అన్న ఎవర్టన్ క్లబ్బునకు పోయెను. మరుసటి యేట తిరిగివచ్చి ప్రెస్టన్‌కు మరియొక లీగు విజయము సంపాదించెను గాని, 1894లో క్షయవ్యాధిచే 31వ యేట మరణించెను. తమ్ముడు జిమ్మీయు నలువది యేండ్లు నిండకుండగనే 1902లో పోయెను. కార్మికుల యిండ్లలో పుట్టి పెరిగిన ఆ తరపు ఆటగాండ్ర ఆయుర్దాయములను చూచినపుడు మనసు కలతపడును.

లీగులో 22 ఆటలు. గెలుపులు 18, సమానములు 4, ఓటమి శూన్యము. చేసినవి 74 గోల్సు, ఇచ్చినవి 15. 1889 జనవరి ఆరంభముననే విజయము ఖాయమయ్యెను. సీజను ముగియునప్పటికి ప్రెస్టన్‌కు 40 పాయింట్లు, రెండవ స్థానమున నిలిచిన ఆస్టన్ విల్లాకు 29.

మిగిలినది కప్పు. బూటిల్‌ను 3-0తోను, గ్రిమ్స్‌బీని 2-0తోను, బర్మింగ్‌హామ్ సెయింట్ జార్జెస్‌ను 2-0తోను దాటివచ్చి, సెమీఫైనలులో షెఫీల్డునందు వెనుకటి యేటి శత్రువైన వెస్ట్ బ్రామ్‌విచ్‌ను 1-0తో ఓడించి పగ తీర్చుకొనిరి. మార్చి 30న లండనులో, క్రికెట్ వలన మన పాఠకులకు సుపరిచితమైన ఓవల్ మైదానమున, సుమారు 22,000 జనము ఎదుట వుల్వర్‌హాంప్టన్ వాండరర్స్‌తో ఫైనలు జరిగెను. రిఫరీ ఆ మారిండినే. మొదటి సగములో డ్యూహర్స్ట్, జిమ్మీ రాస్, రెండవ సగములో థామ్సన్ గోల్సు చేయగా ప్రెస్టన్ 3-0తో గెలిచెను. కప్పు పోటీ మొత్తములో వారికి వ్యతిరేకముగ ఒక్క గోలైనను పడలేదు.

ఆనాటి జట్టును ఒకపరి తేరిపార చూడవలెను. గోల్‌కీపరు మిల్స్-రాబర్ట్స్ వేల్సు దేశపు వైద్యుడు. ఆటకు కాసైనను పుచ్చుకొనని ఔత్సాహికుడు, అటుపిమ్మట డినోర్విక్ పలకరాతి గనుల ఆసుపత్రిలో శస్త్రవైద్యుడయ్యెను. తొలిగోలు చేసిన డ్యూహర్స్ట్ స్థానికుడైన ఉపాధ్యాయుడు. వారి ప్రక్కన, కూలికి ఆడుటకు సరిహద్దు దాటివచ్చిన స్కాట్లండువారు ఆరుగురు. డబ్బు పుచ్చుకొనువాడును, పుచ్చుకొననివాడును ఒక మైదానమున నిలువరాదని అయిదేండ్ల క్రితము వాదించినవారికి ఆ పదునొకండుగురి ఆటయే ప్రత్యుత్తరమయ్యెను. ఇంగ్లీషు పత్రికలు వారికి అజేయులని పేరు పెట్టెను. ఆ పేరు అతిశయోక్తి కాదు.

1890లో ప్రెస్టన్ మరల లీగు గెలిచెను. తరువాత మూడేండ్లు రెండవ స్థానము. ఆపైన పెద్దనగరముల క్లబ్బులు పెద్దకూలి చూపి ఆటగాండ్రను లాగుకొనగా ప్రెస్టన్ క్రమముగ దిగజారెను. కూలిని న్యాయమని నిలిపినవాని క్లబ్బును ఆ కూలిపోటీయే క్రుంగదీసినది. క్లబ్బుపై పెట్టిన ఖర్చు సూడెల్ తన జేబునుండి పెట్టినది కాదని 1895లో బయటపడెను. మిల్లు లెక్కలను తారుమారు చేసి 5,000 పౌండ్లకు పైగా వాడుకొన్న నేరమునకు అతనికి మూడేండ్ల చెరసాల విధించిరి. విడుదలయైన పిమ్మట దక్షిణాఫ్రికాకు పోయి, పత్రికలకు వ్రాయుచు జీవించి, 1911లో కేప్‌టౌనునందు మరణించెను. నేరము నేరమే, యజమాని సొమ్ము యజమానిదే. కాని అసోసియేషను ఎదుట నిలిచి, పనిచేసినవానికి కూలి యిచ్చితినని నిజము చెప్పినవాడును ఆ సూడెలే. అతని నేరమును వ్రాసిన చరిత్రకారుడు ఆ నిజమును కూడ వ్రాసితీరవలెను.

ఒకే సీజనులో లీగును, కప్పును గెలిచిన క్లబ్బులు ఇంగ్లండులో తరువాత పెక్కు వచ్చినవి. 1897లో ఆస్టన్ విల్లా, 1961లో టాటెన్‌హామ్, ఆపైన మరికొన్ని. ఒక్క ఓటమియు లేక లీగు ముగించిన గౌరవము 2004లో ఆర్సెనల్‌కు దక్కెను. ఓటమి యెరుగక రెంటిని ఒకే యేట గెలిచినది నేటివరకు ప్రెస్టన్ నార్త్ ఎండ్ ఒక్కటియే.