సత్తి గీత

సత్తి గీత (జననం: 1983 జూలై 5) 400 మీటర్ల పరుగులో, 4×400 మీటర్ల రిలేలో భారతదేశం తరఫున పోటీపడిన అథ్లెట్. స్వస్థలం పశ్చిమ గోదావరి జిల్లాలో పెనుగొండ పక్కనున్న మార్టేరు. వరి పరిశోధన కేంద్రం పుణ్యమా అని ఆ ఊరి పేరు రైతులందరికీ తెలుసు. స్వర్ణ వరికి ఉన్న ఎంటీయూ 7029 అనే నంబరులో ‘ఎంటీయూ’ అంటే మార్టేరే. ఆ ఊరికి ఇంకో స్వర్ణం ఉంది. అది గీత తెచ్చింది.

పోటీల జాబితాల్లో, బయటి రాష్ట్రాల వార్తల్లో ఆమె ఇంటిపేరు ‘సతి’ అయిపోయింది. గోదావరి జిల్లాల్లో ఆ పొరపాటు ఎవరూ చెయ్యరు.

400 మీటర్లలో ఆమె అత్యుత్తమ సమయం 51.75 సెకన్లు, 2004లో నమోదైంది. ఆ ఏడాదే ఏథెన్స్ ఒలింపిక్స్. ఆగస్టు 27న హీట్స్‌లో రాజ్‌విందర్ కౌర్, కె.ఎం. బీనామోల్, చిత్రా సోమన్, మంజీత్ కౌర్ 3 నిమిషాల 26.89 సెకన్లలో పరిగెత్తి జాతీయ రికార్డు నెలకొల్పారు. రిలేలో హీట్స్ తర్వాత జట్టును మార్చుకోవచ్చు. మర్నాడు ఫైనల్లో మంజీత్ స్థానంలో గీత బ్యాటన్ అందుకున్నారు. అప్పటికి ఆమె వయసు 21. జట్టు 3 నిమిషాల 28.51 సెకన్లతో ఏడో స్థానంలో నిలిచింది. అందుకే రికార్డు పుస్తకంలో గీత పేరు కనిపించదు, ఒలింపిక్ ఫైనల్లో మాత్రం ఉంటుంది. రెండింట్లో ఏది గొప్పదంటే, ఫైనలే అనాలి. అంతకుముందు మన మహిళల రిలే జట్టు ఒలింపిక్ ఫైనల్ దాకా వెళ్లింది 1984లో లాస్ ఏంజెలిస్‌లోనే. పి.టి. ఉష, షైనీ అబ్రహాం, వందనా రావు, ఎం.డి. వల్సమ్మల జట్టు 3 నిమిషాల 32.49 సెకన్లలో పరిగెత్తింది. అప్పుడూ ఏడో స్థానమే. ఇరవై ఏళ్లలో మనవాళ్ల సమయం నాలుగు సెకన్ల దాకా తగ్గినా మెట్టు మారలేదు. మిగతా దేశాలూ ఊరికే కూర్చోలేదు మరి.

మార్టేరుకు చేరిన స్వర్ణం 2006 డిసెంబరులో దోహా ఆసియా క్రీడల్లోది. పింకీ ప్రామాణిక్, చిత్రా సోమన్, మంజీత్ కౌర్‌లతో కలిసి గీత దాన్ని రిలేలో గెలిచారు. ఒంటరి పరుగులో పతకం తెచ్చినవారి పేరు జనానికి గుర్తుంటుంది, రిలే స్వర్ణం మాత్రం నలుగురి మధ్య పంచుకుపోతుంది. గీత పేరు సొంత జిల్లాలోనే అంతగా వినబడకపోవడానికి ఇదో కారణం.

2008 బీజింగ్ ఒలింపిక్స్‌లోనూ ఆమె రిలేలో పరిగెత్తారు. జట్టు 3 నిమిషాల 28.83 సెకన్లు నమోదు చేసింది. ఏథెన్స్ ఫైనల్ కన్నా సెకనులో మూడో వంతు ఎక్కువ, అంతే. ఈసారి హీట్స్ దాటలేదు.