భారతదేశపు మొదటి సార్వత్రిక ఎన్నికలు

స్వతంత్ర భారతదేశములో లోక్‌సభకు మొదటి ఎన్నికలు 1951 అక్టోబరు 25న ప్రారంభమై 1952 ఫిబ్రవరి 21న ముగిసినవి. వీటితోపాటే రాష్ట్రముల శాసనసభలకు కూడ ఎన్నికలు జరిగినవి. ఓటర్ల సంఖ్య 17 కోట్ల 32 లక్షలు. లోక్‌సభలో 489 స్థానములకు 1,874 మంది పోటీ చేయగా, జవాహర్‌లాల్ నెహ్రూ నాయకత్వములోని భారత జాతీయ కాంగ్రెస్ 364 స్థానములను గెలుచుకొన్నది. జమ్మూ కాశ్మీరులో లోక్‌సభ ఎన్నికలు జరగలేదు. అక్కడి సభ్యులను రాష్ట్రపతి నియమించినారు.

== నేపథ్యము ==
బ్రిటిష్ పాలనలో 1937, 1946 సంవత్సరములలో రాష్ట్ర శాసనసభలకు ఎన్నికలు జరిగినప్పటికి, ఓటుహక్కు ఆస్తి, పన్ను, చదువు మొదలగు అర్హతలు గలవారికే పరిమితమై ఉండినది. సంస్థానములలో పెక్కింటి ప్రజలకు ఆ పాటి హక్కు కూడ లేదు. రాజ్యాంగము 326వ అధికరణము ద్వారా ఈ అర్హతలన్నింటిని తొలగించి, 21 సంవత్సరములు నిండిన స్త్రీపురుషులందరికి ఓటు ఇచ్చినది (ఈ వయస్సు 18కి తగ్గినది 61వ సవరణతో, 1989లో). 1951 జనాభా లెక్కల ప్రకారము దేశములో అక్షరాస్యత సుమారు 18 శాతము మాత్రమే. చదవను వ్రాయను రాని కోట్లమంది పేర్లను జాబితాకెక్కించుట ఎట్లు, వారి ఓటును రహస్యముగా, పొరపాటు లేకుండ స్వీకరించుట ఎట్లు అన్నవి ఈ ఎన్నికలలో అన్నిటికంటె పెద్ద ప్రశ్నలు. ఎవరు గెలుతురన్నది వాటి తరువాతిదే.

1950 మార్చిలో ఐ.సి.ఎస్. అధికారి సుకుమార్ సేన్ మొదటి ప్రధాన ఎన్నికల కమిషనరుగా నియమితుడైనాడు. అంతకుముందు ఆయన పశ్చిమ బెంగాల్ ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి, గణితశాస్త్రము చదివినవాడు.

== ఓటర్ల జాబితా ==
జాబితాల తయారీ రాజ్యాంగము అమలులోనికి రాకముందే ఆరంభమైనది. రాజ్యాంగ సభ కార్యాలయము 1947 చివరినుండే ఈ పనికి పూనుకొన్నది. దేశవిభజన వలన తరలివచ్చిన శరణార్థులకు స్థిరనివాసము లేదు, చేతిలో కాగితములు లేవు. తాము ఇక్కడనే నివసింపదలచితిమని వ్రాతపూర్వకముగా తెలిపిన చాలునని, వారిని జాబితాలో చేర్చుకొనుటకు అధికారులకు ఆదేశములు వెళ్ళినవి.

ఇంతకంటె చిక్కైన సమస్య స్త్రీల పేర్లది. బీహారు, ఉత్తర ప్రదేశ్, మధ్య భారత్, రాజస్థాన్, వింధ్య ప్రదేశ్‌లలో అనేకమంది స్త్రీలు పరాయివారికి తమ పేరు చెప్పుట ఆచారము కాదని "ఫలానావాని భార్య", "ఫలానావాని తల్లి" అని మాత్రమే వ్రాయించుకొన్నారు. అట్టి నమోదులు చెల్లవని, స్వంత పేరు చెప్పవలసినదేనని సేన్ నిర్ణయించినాడు. బీహారులో ఒక నెల గడువు పెంచగా కొంత ఫలితము కనిపించినది. రాజస్థాన్‌లో పెద్దగా మార్పు రాలేదు. చివరకు దేశములోని దాదాపు 8 కోట్ల స్త్రీ ఓటర్లలో 28 లక్షల మంది ఓటుకు దూరమైనారు. ఓటు ఆమెది గాని భర్తది కాదు గనుక పేరును ఆమెదే కావలెననుట న్యాయమే. కాని ఆ న్యాయమునకు వెల చెల్లించినవారు ఆచారమును కల్పించినవారు కారు, ఆ స్త్రీలే.

== ఓటు వేసిన విధానము ==
అప్పటి బ్యాలెట్ కాగితముపై అభ్యర్థుల పేర్లు గాని, గుర్తులు గాని లేవు. ముద్ర వేయు పనియును లేదు. ప్రతి అభ్యర్థికి ఒక పెట్టె చొప్పున, గుర్తు అంటించిన పెట్టెలను తెరచాటున వరుసగా ఉంచెడివారు. ఓటరు ఒంటరిగా లోపలికి వెళ్ళి తనకు నచ్చిన గుర్తు గల పెట్టెలో కాగితమును వేసి రావలెను. గుర్తులన్నియు పల్లెవాసులు నిత్యము చూచునవే: కాంగ్రెస్‌కు కాడెద్దుల జత, సోషలిస్టు పార్టీకి చెట్టు, కృషికార్ మజ్దూర్ ప్రజా పార్టీకి గుడిసె, కమ్యూనిస్టు పార్టీకి కంకి కొడవలి, భారతీయ జనసంఘ్‌కు దీపము. ఒకరే రెండుసార్లు వేయకుండ ఎడమచేతి చూపుడువ్రేలికి చెరగని సిరా పూసినారు.

దీనికి సుమారు 20 లక్షల ఉక్కు పెట్టెలు, వాటికి 8,200 టన్నుల ఉక్కు అవసరమైనవి. స్త్రీలకై ప్రత్యేకముగా 27,527 పోలింగు కేంద్రములను ఏర్పాటు చేసినారు.

నియోజకవర్గములు 401 మాత్రమే. వాటిలో 86 ద్విసభ్య నియోజకవర్గములు, ఉత్తర బెంగాల్ త్రిసభ్య నియోజకవర్గము. ద్విసభ్య నియోజకవర్గములలో ఒక స్థానము షెడ్యూల్డు కులములకు లేదా తెగలకు ప్రత్యేకించబడి, ఓటరుకు రెండు కాగితములు ఇవ్వబడెడివి. రెండింటిని ఒకే పెట్టెలో వేసిన ఒకటే లెక్కకు వచ్చెడిది.

ఈ పద్ధతి చదువురానివారికి సులభమే గాని లోపము లేనిది కాదు. తెరచాటున ఏమి జరుగునో ఎవరికిని కనబడదు గనుక, కాగితమును పెట్టెలో వేయక బయటకు తెచ్చి అమ్ముకొను వీలున్నది.

== పోలింగు ==
మొట్టమొదట ఓటు వేసినవారు హిమాచల్ ప్రదేశ్‌లోని చినీ తాలూకా ప్రజలు. శీతకాలమున మంచు కురిసి దారులు మూసుకొనిపోవును గనుక వారికి అక్టోబరులోనే పోలింగు జరిపినారు. అక్కడ ఎన్నికల విధులలో ఉన్న ఉపాధ్యాయుడు శ్యామ్ శరణ్ నేగి స్వతంత్ర భారతపు మొదటి ఓటరుగా ప్రసిద్ధుడు. ఆయన 2022 నవంబరులో మరణించుటకు కొన్నిదినముల ముందుకూడ ఓటు వేసినాడు.

మొత్తము మీద సుమారు 45 శాతము పోలింగు జరిగినది. తిరువాన్కూరు-కొచ్చిన్‌లోని కొట్టాయములో 80 శాతము, వింధ్య ప్రదేశ్‌లోని షాడోల్‌లో 20 శాతము లోపు నమోదైనది.

== ఫలితములు ==
కాంగ్రెస్‌కు వచ్చిన ఓట్లు 45 శాతమే అయినను స్థానములు నాలుగింట మూడువంతులకు చేరువైనవి. ప్రతిపక్షములు చీలియుండుటయు, అధిక ఓట్లు వచ్చినవాడే గెలుచు పద్ధతియు ఇందుకు కారణములు. కమ్యూనిస్టులకు 16, సోషలిస్టులకు 12, కృషికార్ మజ్దూర్ ప్రజా పార్టీకి 9, జనసంఘ్‌కు 3 స్థానములు లభించినవి. సోషలిస్టులకు 10 శాతమునకు పైగా ఓట్లు వచ్చినను స్థానములు కమ్యూనిస్టులకంటె తక్కువే. రాజ్యాంగ రచనలో ప్రధానపాత్ర వహించిన బి.ఆర్.అంబేద్కర్ ఉత్తర బొంబాయిలోను, ఆచార్య కృపలానీ ఫైజాబాదులోను ఓడిపోయినారు. అంబేద్కర్ అదే సంవత్సరము రాజ్యసభకు ఎన్నికైనాడు.

== తెలుగు ప్రాంతములలో ==
తెలుగువారు అప్పుడు ముఖ్యముగా మద్రాసు, హైదరాబాదు రాష్ట్రములలో ఉండిరి. హైదరాబాదులో కమ్యూనిస్టు పార్టీపై నిషేధము ఉండుటచే వారు ప్రజాతంత్ర కూటమి (పి.డి.ఎఫ్.) పేరున పోటీ చేసినారు, సాయుధ పోరాట విరమణ జరిగినది 1951 అక్టోబరులోనే. నల్గొండ ద్విసభ్య నియోజకవర్గమునుండి రావి నారాయణరెడ్డికి 3,09,162 ఓట్లు వచ్చినవి. దేశములో ఎవరికిని, అలహాబాదు ప్రాంతమునుండి గెలిచిన నెహ్రూకు సైతము, అన్ని ఓట్లు రాలేదు. కొద్ది నెలల క్రితము వరకు తుపాకులు మ్రోగిన జిల్లాలో ఈ ఫలితము వచ్చినదన్నది గమనింపదగినది. పి.డి.ఎఫ్. మొత్తము 7 లోక్‌సభ స్థానములను గెలిచినది. రాష్ట్రములో అధికారము మాత్రము కాంగ్రెస్‌కే దక్కి, బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయినాడు.

మద్రాసు శాసనసభలోని 375 స్థానములలో కాంగ్రెస్‌కు 152 మాత్రమే వచ్చినవి. ముఖ్యమంత్రి కుమారస్వామి రాజా ఓడిపోయినాడు. అనంతపురములో నీలం సంజీవరెడ్డిని తరిమెల నాగిరెడ్డి ఓడించినాడు. ఆంధ్ర జిల్లాలలో కమ్యూనిస్టులు కాంగ్రెస్‌తో దాదాపు సమానముగా నిలిచినారు. ప్రతిపక్షములలో పెక్కు టంగుటూరి ప్రకాశంను నాయకునిగా ఎన్నుకొన్నను, గవర్నరు శ్రీప్రకాశ శాసనసభకు పోటీయే చేయని రాజగోపాలాచారిని విధానమండలికి నియమించి ప్రభుత్వమును ఏర్పాటు చేయ పిలిచినాడు. ఈ చర్య నాడును, తరువాతను విమర్శకు గురియైనది. ప్రత్యేకాంధ్ర కోర్కె అప్పటికే బలముగా ఉండినది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినది.

== తరువాతి మార్పులు ==
మొదటి లోక్‌సభ 1952 మే 13న సమావేశమైనది. అభ్యర్థికొక పెట్టె పద్ధతి 1957లో కూడ కొనసాగి, 1960-61లో కేరళ, ఒరిస్సా మధ్యంతర ఎన్నికలతో ఆరంభించి ముద్ర వేయు పద్ధతికి చోటిచ్చినది. ద్విసభ్య నియోజకవర్గములు 1961లో రద్దయినవి. సుకుమార్ సేన్ 1953లో సూడాన్ ఎన్నికలను కూడ పర్యవేక్షించి, 1957 ఎన్నికలను నిర్వహించినాడు. ఆ రెండవ ఎన్నికలనాటికి, మొదటిసారి కొట్టివేయబడిన స్త్రీలలో అత్యధికులు తమ స్వంత పేర్లతో జాబితాలోనికి వచ్చియుండిరి.