సంతకం ఎవరిది

1912 నాటి ఇండియన్ లూనసీ చట్టంలో నాలుగో సెక్షన్‌ని ఉద్యోగంలో చేరిన కొత్తలో చదివి, నమ్మలేక మళ్లీ చదివాను. తనంతట తాను వచ్చి పిచ్చాసుపత్రిలో చేరిన మనిషి, వెళ్లిపోతానని రాసిస్తే 24 గంటలకు మించి ఆపకూడదని అందులో ఉంది. తెల్లదొరల కాలంలోనే, గొలుసులూ గదులూ ఉన్న రోజుల్లోనే, అలాంటి తలుపొకటి కాగితం మీదైనా ఉందన్నమాట. ఆ తలుపు ఉన్నట్టు జనానికి చెప్పినవాళ్లే కరువు.

నేను సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌గా చేసి రిటైరయ్యాను. కొత్తగా వచ్చినవాళ్ల వివరాలు రాసుకునే బల్ల దగ్గరే నా సర్వీసు చాలావరకు గడిచింది. ఆ బల్ల మీద కాగితాలు కాలంతో మారాయి. అడుగున సంతకం పెట్టేవాళ్లూ మారారు. మన దేశంలో మానసిక వైద్యం ఎంత ఎదిగిందో చెప్పడానికి మందుల పేర్లకన్నా ఆ సంతకాలే మంచి సాక్ష్యమని నా నమ్మకం.

మద్రాసులో 1794లో వాలంటైన్ కానలీ అనే సర్జన్ మొదటి ఆశ్రమం పెట్టాడు. కీల్పాక్‌లో సర్కారు ఆస్పత్రి 1871లో వచ్చింది. మన వైపు వాళ్లకు వాల్తేరు ఉండేది. నిజాం రాజ్యానికి జాల్నాలో ఉన్న ఆస్పత్రి 1953లో ఎర్రగడ్డకు తరలివచ్చింది. ఊళ్ల పేర్లు తిట్లుగా మారిపోవడం ఎంత అన్యాయమో ఎర్రగడ్డలో కాపురముండే మామూలు జనాన్ని అడగాలి.

1858 చట్టమైనా, 1912 చట్టమైనా అసలు బరువంతా మేజిస్ట్రేటు సంతకం మీదే. దిక్కులేక తిరుగుతున్న మనిషికి మతిలేదని అనుమానం వస్తే స్టేషను అధికారి పట్టుకోవచ్చు. అపాయకారి అనిపిస్తే పట్టుకుని తీరాలి. ఇంట్లోవాళ్లు అర్జీ పెట్టుకోవాలన్నా ఇద్దరు డాక్టర్ల సర్టిఫికెట్లు కావాలి. అర్జీదారు ఆ మనిషిని గత 14 రోజుల్లోపు కళ్లారా చూసి ఉండాలి. ఆ 14 రోజుల నిబంధన నాకు మంచిదే అనిపిస్తుంది. ఎక్కడో దూరాన కూర్చుని ఆస్తి కోసం అన్నకు పిచ్చి అని రాసేవాణ్ని కాస్తయినా ఆపుతుంది కదా. కానీ ఆ కాగితాల్లో ఎక్కడా చేరబోయే మనిషి గొంతు వినిపించదు. ఆయన గురించి అందరూ రాశారు, ఆయన్ని అడిగిందెవరూ లేరు.

స్వాతంత్ర్యానికి ముందు ఏడాది, 1946లో భోర్ కమిటీ లెక్క చూస్తే దేశం మొత్తానికి మానసిక రోగుల పడకలు 10 వేల దగ్గరే. మిగతావాళ్లు ఇళ్లలో గొళ్లేల వెనకా, దర్గాల్లో, గుళ్లలో, జైళ్లలో ఉన్నారు. నేరం చేయని మతిస్థిమితం లేనివాళ్లను జైల్లో పెట్టడం రాజ్యాంగ విరుద్ధమని షీలా బర్సే కేసులో సుప్రీంకోర్టు చెప్పేసరికి 1993 వచ్చింది.

ఈ కథలో నాకు అందరికన్నా ఇష్టమైన మనిషి డాక్టర్ విద్యాసాగర్. 1950ల్లో ఆయన అమృత్‌సర్ ఆస్పత్రి ఆవరణలో గుడారాలు వేయించి, రోగులతో పాటు వాళ్లవాళ్లనూ ఉంచాడు. వంటా, సేవా, మాటా ఇంటివాళ్లవే. జబ్బంటే ఏమిటో తల్లి తన కళ్లతో చూసి నేర్చుకునేది, బాగుపడిన కొడుకును తనతోనే తీసుకువెళ్లేది. 1957లో మొదలైన వేలూరు సీఎంసీ మానసిక ఆరోగ్య కేంద్రంలోనూ ఇంటివాళ్లు వెంట ఉండే పద్ధతి నిలబడింది. ఈ ఒక్క విషయంలో మనవాళ్లు ఎవరినీ చూసి నేర్చుకోలేదు. పడమటి దేశాల పెద్ద పెద్ద ఆస్పత్రులు చుట్టాలను గేటు బయటే ఆపేస్తున్న రోజులవి.

1987 మానసిక ఆరోగ్య చట్టం 1993 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. తామే అర్జీ పెట్టుకునేవాళ్లకు అందులో చోటు పెద్దదైంది. అయినా బల్ల దగ్గర నేను ఎక్కువగా చూసింది అన్నదమ్ముల సంతకాలూ, మామగారి వేలిముద్రలూ. మణికట్టుకు తాడు ఒరుసుకున్న మచ్చ, మెడలో రెండు మూడు తాయెత్తులు, నుదుట ఎండిపోయిన విభూతి. ఇంటివాళ్లను తప్పుపట్టలేను. ఎక్కడెక్కడో తిరిగి, ఉన్నది అమ్ముకుని, చివరికి మా దగ్గరికి వచ్చేవారు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో రోగులను ఉంచిన గుడిసె అంటుకుని, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది ప్రాణాలు పోయాయి. ఆ వార్త చదివిన వారం, గొలుసుతో తెచ్చిన ప్రతి మనిషినీ ముందు విప్పాకే పేరు అడిగాను. తర్వాత అదే అలవాటైంది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే నుంచి అమలవుతోంది. ఇప్పుడు అర్థం చేసుకుని నిర్ణయించుకోగల మనిషి ఎవరి తోడూ లేకుండా తన సంతకంతోనే చేరవచ్చు. వెళ్తానంటే పంపాలి, ప్రమాదముందని డాక్టరుకు అనిపిస్తే పరీక్ష కోసం 24 గంటలు మాత్రమే ఆపవచ్చు. సొంతంగా నిర్ణయించుకోలేని స్థితిలో ఉంటే ఆ మనిషి తరఫున నిలబడే నామినేటెడ్ ప్రతినిధి అర్జీ మీద, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి, 30 రోజుల వరకు చేర్చుకుంటారు. ఆ సంగతి మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు ఏడు రోజుల్లో చేరాలి, ఆడవాళ్లయితే మూడు రోజుల్లోనే. గుండు కొట్టించకూడదు. సొంత బట్టలు కట్టుకుంటానంటే వద్దనకూడదు. మూడేళ్లలోపు బిడ్డను తల్లి నుంచి మామూలుగా విడదీయకూడదు.

ఇవన్నీ సర్వీసు చివరి రోజుల్లో బల్ల దగ్గర చదివి వినిపించేదాన్ని. శ్రీకాకుళం వైపు నుంచి ఒంటరిగా బస్సెక్కి వచ్చిన ఒక టీచరమ్మ, నిద్ర పట్టక, చచ్చిపోవాలనిపిస్తోందని మెల్లగా చెప్పింది. ఫారం ముందు పెడితే పెన్ను పట్టుకోలేదు.

"నచ్చకపోతే ఎల్లిపోనిస్తారా మేడమ్?"

"రాసివ్వండమ్మా, చాలు. డాక్టరుగారికి భయమనిపిస్తే ఒక్కరోజు ఆగమంటారు."

"మా ఆయనకి ఫోన్ సేసుకోవచ్చా?"

"చేసుకోవచ్చు."

"పుస్తెలు తీసేయాలేటి?"

తీయనక్కర్లేదన్నాను. అప్పుడు సంతకం పెట్టింది. మందు వివరమూ జబ్బు పేరూ ఆమె తర్వాత అడిగింది. లోపలికి రావడానికి ముందు ఎవరికైనా కావలసింది బయటికి దారి ఎక్కడో తెలియడమే. అందుకే చేర్చే చోటుకు వెళ్లే ప్రతి కుటుంబానికీ నేనొకటే చెబుతాను. "రెండు రోజులే" అని అబద్ధం చెప్పి ఆటో ఎక్కించకండి. ఎందుకు తీసుకెళ్తున్నారో, ఎవరు చూడటానికి వస్తారో, ఏ రోజు వస్తారో చెప్పండి. ఆ మాట నిలబెట్టుకోండి.

బయటికి వెళ్లే దగ్గర మాత్రం పని ఇంకా సగంలో ఉంది. బాగుపడిన మనిషిని, ఇంటివాళ్లు రాలేదన్న సాకుతో ఆస్పత్రిలో ఉంచేయకూడదని 2017 చట్టం చెబుతోంది. బాగుపడినవాళ్లకు కొన్నాళ్లు ఉండే ఇళ్లు ప్రభుత్వాలు కట్టాలనీ చెబుతోంది. చిరునామా తప్పు రాసి వెళ్లిన అన్నలకు నేను ఉత్తరాలు రాశాను, పంచాయతీ ఆఫీసులకు ఫోన్లు చేశాను, కొందరిని బస్సులో స్వయంగా దిగబెట్టి వచ్చాను. ఒక్క సోషల్ వర్కరు మోయగల పని కాదది. ప్రతి జిల్లాకూ అలాంటి ఇల్లు ఒకటైనా కావాలి, అక్కడ పని నేర్పే మనిషి కావాలి, నెలకోసారి మందులు అందాలి. రిటైరయ్యాక కూడా కలెక్టరు గ్రీవెన్సుకు వెళ్లి నేను ఇచ్చే అర్జీ ఇదే.