కాంతి స్విచ్చు ప్రొటీన్లు

బతికున్న కణంలో రెండు ప్రొటీన్లు ఎప్పుడు కలవాలో, ఎప్పుడు విడిపోవాలో బయటి నుంచి వేసే కాంతితో నిర్ణయించే విధానం ఆప్టోజెనెటిక్స్‌లో ఒక శాఖ. ఇందుకు వాడే స్విచ్చులు చాలావరకు మొక్కల నుంచి తెచ్చుకున్నవే.

ఆసియాలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటిగా పేరున్న మదనపల్లెకూ, పక్కనున్న పుంగనూరు చేలకూ ఇలాంటి స్విచ్చు ఒకటి కొత్తేమీ కాదు. టమాటా నారు వెలుతురు వైపు వంగేది ఫోటోట్రోపిన్ అనే ప్రొటీన్ వల్ల. 1997లో అమెరికాలో విన్‌స్లో బ్రిగ్స్ బృందం అరాబిడాప్సిస్ మొక్కలో దీని జన్యువును పట్టుకుంది.

ఫోటోట్రోపిన్‌లో కీలక భాగం ఎల్‌ఓవీ2. బి2 విటమిన్ నుంచి తయారయ్యే ఎఫ్‌ఎంఎన్ అణువు అందులో ఒదిగి ఉంటుంది. నీలికాంతి తగలగానే అది పక్కనున్న సిస్టీన్‌తో బంధం కట్టుకుంటుంది. దాంతో చివరనున్న జె-ఆల్ఫా హెలిక్స్ చుట్ట వీడుతుంది. చీకటైతే మళ్లీ చుట్టుకుంటుంది. 2003లో కెవిన్ గార్డ్‌నర్ బృందం ఓట్స్ ప్రొటీన్‌లో ఈ మార్పును చూపింది.

తొలి స్విచ్చు మాత్రం ఎర్రకాంతిది. 2002లో పీటర్ క్వెయిల్ బృందం మొక్కల్లో ఎర్రకాంతిని గుర్తించే ఫైటోక్రోమ్‌ను ఈస్ట్ కణాల్లో పెట్టి, కాంతితో జన్యువులను పనిచేయించింది. 2009లో క్లాస్ హాన్ బృందం కణం కదలికను నడిపే రాక్1 ప్రొటీన్‌కు ఎల్‌ఓవీ2ను అతికించింది. చీకట్లో రాక్1 తన జోడీ ప్రొటీన్లకు అందదు. కణం అంచున ఒకచోట నీలి లేజర్ వేస్తే ఆ అంచు ముందుకు సాగింది. 2010లో నీలికాంతికి స్పందించే మరో మొక్క ప్రొటీన్ క్రిప్టోక్రోమ్, దాని జోడీ ప్రొటీన్ కలిసిన స్విచ్చు వచ్చింది. 2015లో బ్రయాన్ కుల్మన్ బృందం ఎల్‌ఓవీ2తోనే ఐలిడ్ అనే స్విచ్చును రూపొందించింది: జె-ఆల్ఫా హెలిక్స్ చుట్ట వీడితే అందులో దాగిన పెప్టైడ్ బయటపడుతుంది, దాన్ని ఎస్‌ఎస్‌పీబీ అనే బాక్టీరియా ప్రొటీన్ పట్టుకుంటుంది.

ఫోటోట్రోపిన్ నిర్మాణంలో చిన్న తేడా ఎంత పని చేస్తుందో హైదరాబాద్ టమాటా చెప్పింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రామేశ్వర్ శర్మ, వై. శ్రీలక్ష్మి బృందం 2014లో ఎన్‌పీఎస్1 అనే ఉత్పరివర్తన టమాటాను వివరించింది. పక్క నుంచి మందమైన నీలికాంతి పడినా దాని మొలకలు వంగవు. కారణం ఒకే ఒక్క మార్పు: ఫోటోట్రోపిన్‌లో 495వ స్థానంలో ఆర్జినైన్‌కు బదులు హిస్టిడైన్. అది ఎల్‌ఓవీ2 లోపల కాదు, దాని ముందరి హెలిక్స్‌లో ఉంది. ఆ జన్యువు నకళ్లలో ఒక్కటి ఇలా మారినా చాలు, మొక్క మొండికేస్తుంది.

ఎల్‌ఓవీ2 స్విచ్చులకు కావలసిన ఎఫ్‌ఎంఎన్ ప్రతి కణంలోనూ దొరుకుతుంది గానీ, నీలికాంతి కండలోకి లోతుగా దిగదు. ఎర్రకాంతి దిగుతుంది, కానీ మొక్కల ఫైటోక్రోమ్‌కు కావలసిన వర్ణకమే జంతుకణాల్లో ఉండదు, విడిగా సమకూర్చాలి.