స్వామ్యము వేఱు, సార్వభౌమత్వము వేఱు

దేశముల నడుమ పుట్టిన భూవివాదమునకు ఒకరి గెలుపు, మఱియొకరి ఓటమి తప్ప వేఱు తుది లేదని పలువురు తలంతురు. దక్షిణ అమెరికాలోని పెరూ, ఈక్వడార్ దేశముల చరిత్రము ఈ తలంపును సవరింపగలదు గావున దానిని చదువరుల ముందుంచుచున్నాము.

స్పెయిన్ ఏలుబడి తొలగిన నాటినుండియు అమెజాన్ అడవిసీమలకై ఈ రెండు దేశములును, స్పెయిన్ రాజుల పాతశాసనములను చూపుచు తగవులాడినవి. 1941 యుద్ధమున పెరూ జయించెను. 1942 జనవరిలో రియో డి జనీరో నగరమున సంధి కుదిరెను. అర్జెంటీనా, బ్రెజిల్, చిలీ, అమెరికా సంయుక్త రాష్ట్రములు దానికి పూచీపడినవి. కాని ఆ పత్రమున రెండు లోపములుండెను. ఓడినవారు గత్యంతరము లేక చేవ్రాలు చేయుట మొదటిది. జమోరా, శాంటియాగో నదుల నీటిని వేఱుచేయు పర్వతపంక్తి యొక్కటే కలదని నమ్మి దానినే హద్దుగా వ్రాయుట రెండవది. పిమ్మట విమానములనుండి పటములు తీయగా, ఆ రెంటి నడుమ సెనెపా నది తలచినదానికంటె మిక్కిలి దూరము ప్రవహించుచున్నదని తేలెను. లేని పంక్తిపై హద్దురాళ్లు పాతుటెట్లు? సుమారు 78 కిలోమీటర్లు హద్దు లేక నిలిచిపోయెను. 1960లో ఈక్వడార్ సంధియే చెల్లదనెను. 1981లోను, 1995లోను ఆ కొండలలో నెత్తురు పాఱినది.

తుదకు 1998లో ఉభయదేశముల శాసనసభలును పూచీదారుల నిర్ణయమునకు కట్టుబడుదుమని ముందుగనే యొప్పుకొనినవి. హద్దు చాలవఱకు పెరూ వాదించినట్లే కాండోర్ పర్వతములమీదుగ సాగెను. అయితే ఈక్వడార్ సైనికులు పోరాడి మడిసిన టివింట్సాలో ఒక చదరపు కిలోమీటరు నేల ఆ దేశమునకు సొంత ఆస్తిగా నీయబడెను. దానిపై పరిపాలనాధికారము మాత్రము పెరూదే. హద్దున కిరువైపుల రక్షితవనములు ఏర్పడినవి. అమెజాన్‌లో నౌకలు నడుపు హక్కు ఈక్వడారునకు లభించెను. అక్టోబరు 26న అధ్యక్షులు ఫుజిమోరి, మహువాద్ బ్రెజీలియాలో చేవ్రాళ్లు చేసిరి.

విశ్వజిద్యాగమున సర్వస్వమును దానమీయవలసియున్నను రాజు భూమినీయజాలడనియు, అతనికి పాలనాధికారమే గాని భూస్వామ్యము లేదనియు మన మీమాంసకులు ఏనాడో నిర్ణయించిరి. ఆ భేదమే యిచ్చట రెండు జాతుల మానమును కాపాడినది. పెరూలోని ఇక్విటోస్ పట్టణమున ఈ సంధిపై అల్లర్లు చెలరేగిన మాట నిజమే. అయినను 1999 మేలో కడపటి హద్దురాయి నాటబడెను. తరువాత ఆ రెండు దేశములు యుద్ధమునకు దిగలేదు.

ఈ యుపాయమును వెదకుటకు 56 సంవత్సరములు పట్టెను. 1995నకు ముందే వెదకియుండినచో, ఈక్వడార్ తల్లులకు టివింట్సా యను పేరే తెలిసియుండదని మా విశ్వాసము.