మౌజరు పిస్తోలు – బెజవాడ రాట్నము

జర్మనీదేశమున ఓబర్న్‌డార్ఫ్ అను చిన్నపట్టణము కలదు. అచటి మౌజరు కర్మాగారమున పనిచేయుచుండిన ఫీడర్లె సోదరులు 1895లో ఒక క్రొత్త పిస్తోలును నిర్మించిరి. మరుసటియేడు అది విక్రయమునకు వచ్చెను.

అంతవరకు వాడుకలోనున్న రివాల్వరులలో సాధారణముగా ఆరు తూటాలే పట్టెడివి. మౌజరులో పది పట్టును. గుండు వెడలిన ఊపున గొట్టమును దాని వెనుకనున్న బోల్టును కలిసి కొంచెము వెనుకకు జరుగును. అంతట వాని నడిమి బంధము విడిపోవును. బోల్టు ఒంటిగా వెనుకకు సాగి ఖాళీతొడుగును వెలికి చిమ్మును. స్ప్రింగుబలముచే మరలివచ్చుచు క్రొత్త తూటాను గొట్టములోనికి నెట్టును. కాల్చువాడు మీట నొక్కుటయే తరువాయి. కొయ్యతో చేసిన దాని ఒరను పిడికి తగిలించినచో తుపాకివలె భుజమున ఆనించి కాల్చవచ్చును. 1898లో సూడానునందలి ఓమ్‌డుర్మాన్ యుద్ధమున యువకుడగు చర్చిలు దీనినే ధరించెను. ఇంతయయ్యు జర్మను సైన్యము 1908లో లూగరు పిస్తోలునే స్వీకరించెను. మొదటి ప్రపంచయుద్ధమున ఆయుధములకు కొరత ఏర్పడిన పిదపనే, 1916లో, లక్షన్నర మౌజరులు కావలెనని కోరెను.

భారతదేశమున దీని కథ వేరు. 1914 ఆగస్టు 26వ తేదీన కలకత్తా రోడా కంపెనీ గుమాస్తా శ్రీశచంద్రమిత్ర సుంకపుకార్యాలయమునుండి 202 పెట్టెలు విడిపించి, 192 మాత్రమే గిడ్డంగికి చేర్చెను. తక్కిన పది ఎద్దుబండిపై విప్లవకారులకు చేరినవి. వానిలో 50 మౌజరులు, 46,000 తూటాలు ఉండెను. 1915 సెప్టెంబరు 9న బాలాసోరుచెంత జతీంద్రనాథ ముఖర్జీ నలుగురు అనుచరులతో ఈ పిస్తోళ్లనే చేతబట్టి పోలీసుబలగము నెదిరించెను. గాయపడి మరునాడు మరణించెను. ఆ సాహసము చిరస్మరణీయము. కాని తూటా తీరినచో ఎంతటి యంత్రమైనను ఇనుపముద్దయే. ఆ తూటాలు మనదేశమున తయారగునవి కావు.

1918లో రౌలటు సంఘము, ఈ పిస్తోళ్లు 54 ఘటనలలో వాడబడినవని తన నివేదికలో లెక్క చూపెను. ఆ నివేదిక ననుసరించియే 1919లో, విచారణలేక జనులను నిర్బంధింపగల రౌలటు చట్టము పుట్టెను. దానిపై గాంధీమహాత్ముడు సత్యాగ్రహము సాగించెను, జలియన్‌వాలాబాగు ఘోరము జరిగెను, సహాయనిరాకరణము వచ్చెను.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో అఖిలభారత కాంగ్రెసు సంఘము మన బెజవాడలో సమావేశమై, కోటి సభ్యులు, కోటి రూపాయల తిలక్ స్వరాజ్యనిధి, ఇరువదిలక్షల రాట్నములు కావలెనని తీర్మానించెను. విప్లవకారులకు వెరచి చేసిన చట్టమునకు దేశము ఇచ్చిన ప్రత్యుత్తరమిది. పిస్తోలు కొందరి చేతికే అందును; రాట్నము ప్రతి యింటికిని అందగలది. దానికి వలయు ప్రత్తి మన పొలములలోనే పండెను.